ఎంసెట్ కౌన్సెలింగ్: ఆప్షన్లు పెట్టకముందే చూసుకోవాల్సినవి

ర్యాంకు వచ్చిన సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. కాలేజీ తరఫున సీట్లు నింపే పీఆర్వోకి మీ నంబరు ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి గానీ, "మీ బాబుకి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఉంది సార్, ఈరోజు పదివేలు కట్టి బ్లాక్ చేసుకోండి, రేపటికి ఉండదు" అంటాడు. కంగారు పడకండి. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఇది తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ గురించి, ఆంధ్రాలో రూల్స్ కొన్ని వేరు. నేను చెప్పేది ఒక్కటే: ఏ కాలేజీ, ఏ బ్రాంచి, నాలుగేళ్లకి ఎంత అన్నది ఇంట్లో కాగితం మీద తేలాకే కంప్యూటర్ ముందు కూర్చోండి.

సర్టిఫికెట్లలో తేడా వచ్చేది ఎక్కువగా తేదీల దగ్గరే. ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ (అగ్రవర్ణ పేదల కోటా) సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, అంటే మార్చిలో చేయించుకున్నది జులైలో పనికిరాదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్‌లు, అంటే అక్కడ చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్లు అడుగుతారు. ఆ బడుల చుట్టూ తిరగడానికే రోజులు పడతాయి కాబట్టి ర్యాంకు వచ్చేదాకా ఆగకండి.

ఇక అసలు గండం వెబ్ ఆప్షన్లు, అంటే మీకు కావాల్సిన కాలేజీ, బ్రాంచిలని వరసగా ఆన్‌లైన్‌లో పెట్టే లిస్టు. కంప్యూటర్ ర్యాంకు వరసలో ఒక్కొక్కరి లిస్టు తీసి, పైనుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, ఖాళీ కనిపించిన మొదటి చోట సీటు ఇచ్చి ఆగిపోతుంది. అంతకుమించి మాయేమీ లేదు. అందుకని "ఎలాగూ వచ్చేది ఇదే కదా" అని మామూలు కాలేజీని పైన పెడితే అదే చేతికొస్తుంది, కింద దానికన్నా మంచిది ఖాళీగా ఉన్నా సరే. నచ్చినవి పైన, వస్తే చాలు అనుకున్నవి కింద, వచ్చినా చేరను అనుకున్నవి అసలు లిస్టులోనే వద్దు. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు, పది పెట్టి దండం పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పాత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో మీ కేటగిరీ, అమ్మాయిలా అబ్బాయిలా అనే గడి, అది కౌన్సెలింగ్‌లో ఏ విడతదో కూడా చూడండి, చాలామంది పక్క గడి చూసి ధైర్యం తెచ్చుకుంటారు. కాలేజీని పేరుతో కాదు, కోడ్‌తో గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒకే యాజమాన్యానికి దాదాపు ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలు ఉంటాయి, ఒకటి పాతది, పేరున్నది, ఇంకోటి మొన్న పెట్టింది. బ్రాంచిలకీ అంతే: సీఎస్ఈ వేరు, సీఎస్ఎం అంటే ఏఐ, మెషీన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్.

పాస్‌వర్డ్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. "మేమే ఆప్షన్లు పెట్టిస్తాం" అనే పీఆర్వోకి అసలు వద్దు, వాళ్ల కాలేజీ పైకెక్కుతుంది, మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. నెట్ సెంటర్‌లో పెట్టినా పిల్లలే మౌస్ పట్టుకోవాలి, లిస్టు ఫ్రీజ్ చేశాక (ఇక మారకుండా ఖాయం చేశాక) ప్రింట్ తీసి ఇంటి కాగితంతో వరస సరిచూసుకోవాలి, లాగౌట్ చేసి రావాలి.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నట్టు మీరే నమోదు చేయడం) చేయకపోతే ఆ సీటు పోయినట్టే. రెండో విడతలో ఇంకో ఉచ్చు ఉంది: మళ్లీ ఆప్షన్లు పెట్టి వేరే సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది, "వద్దులెండి, పాతదే ఇవ్వండి" అంటే ఇవ్వరు. ఉన్నది నచ్చితే రెండో విడత జోలికే వెళ్లకండి. సరదాగా పెట్టి చూసే పని కాదు అది.

డబ్బు దగ్గరికి వద్దాం. "రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది" అని నిశ్చింతగా ఉండే ఇళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతాయి. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) పిల్లలకి ర్యాంకు 10,000 లోపు అయితే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే ఏటా 65,000 మీ జేబులోంచే, నాలుగేళ్లకి 2,60,000, హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు కాకుండా. ఈ రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే, కాలేజీ సొంతంగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకీ, చివర్లో మిగిలిన సీట్లకి జరిగే స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటాయి, కోర్సు అయిపోయాక బాకీ కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపేస్తాయి కూడా. అంచనా వేసేటప్పుడు ఒక ఏడాది ఫీజు చేతిలో ఉందో లేదో చూసుకోండి. అప్పుడు మొదట్లో పీఆర్వో ఫోన్‌లో చెప్పిన మాట ఎంత బరువో తెలుస్తుంది.

తక్కువైతే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేముందు బ్యాంకుకు వెళ్లండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే పూచీ, తాకట్టు లేకుండా రుణం ఇస్తారు, కాబట్టి మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. మామూలుగా రుణానికి చదువు జరుగుతున్నప్పుడు కూడా వడ్డీ పెరుగుతూ ఉంటుంది, ఎంత పెరుగుతుందో మేనేజర్‌తో రాయించుకోండి.

మేనేజ్‌మెంట్ సీటు కావాలనుకుంటే రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు, అడ్వాన్సు కూడా. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలే గానీ దగ్గర పెట్టుకోకూడదని ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. ఎవరైనా పెట్టుకుంటామంటే ఆ మాట రాసి సంతకం పెట్టి ఇమ్మనండి, చాలామంది వెనక్కి తగ్గుతారు. జేఈఈ రాసినవాళ్లు ఎన్ఐటీ సీటు కోసం ఎదురుచూస్తుంటే, ఎంసెట్ సీటు ఏ తేదీలోగా క్యాన్సిల్ చేసుకుంటే ఫీజు వెనక్కి వస్తుందో నోటిఫికేషన్‌లో చూసి, ఆ తేదీని అదే కాగితం మీద పైన పెద్దక్షరాలతో రాసుకోండి.