పాత కారు వైపర్ తిరగట్లేదా? మోటర్ రివైండింగ్‌కి ఇచ్చే ముందు ఇవి చూడండి

ఎండాకాలమంతా కవర్ కప్పి పెట్టిన అంబాసిడరో పద్మినియో జూన్‌లో బయటికి తీస్తాం, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి వాన, వైపర్ సగంలో ఆగిపోద్ది. మెకానిక్ చూడకుండానే మోటర్ పోయింది, రివైండింగ్ (లోపలి రాగి తీగ మళ్ళీ చుట్టడం) చెయ్యాలంటాడు. కంగారు పడకండి, చాలాసార్లు మోటర్ బానే ఉంటది, దానికి కరెంటు సరిగ్గా అందదు, లేదా అది లాగాల్సిన బరువు పెరిగిపోయుంటది.

ముందు ఫ్యూజ్, దాని క్లిప్పులకి చిలుము పట్టిందేమో చూసి గీకండి. తర్వాత ఎర్త్, అంటే మోటర్‌ని బండి బాడీ ద్వారా బ్యాటరీకి కలిపే దారి. కొత్తగా పెయింట్ కొట్టించిన బళ్ళలో అసలు దొంగ ఇదే, పెయింట్ మీద బోల్ట్ బిగిస్తే ఎర్త్ రాదు, కింద రబ్బర్ బుష్‌లు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. మోటర్ ఎర్త్ పాయింట్ నుంచి బ్యాటరీ ఎర్త్‌కి విడిగా ఒక వైరు తగిలించి చూడండి, ఊపందుకుందా, రోగం దొరికినట్టే. 1960ల మధ్య దాకా వచ్చిన బ్రిటిష్ బళ్ళలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపే బాడీకి కలిపి ఉంటది, ఆ సంగతి ముందే చూసుకోండి. ఇంకోటి, కొన్ని పాత లూకాస్ (బ్రిటిష్ కంపెనీ) మోటర్లకి స్విచ్ ఎర్త్ వైపు ఉంటది, అందుకే ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే వైపర్ స్విచ్ ఆఫ్ చేసినా మోటర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూసే బల్బు) వెలుగుద్ది, అది ఫాల్ట్ కాదు, దాన్ని చూసి వైరింగంతా పీకేయొద్దు.

కరెంటు బానే వస్తుంటే వైపర్ ఆర్మ్స్ తీసేసి మోటర్ ఒక్కదాన్నే తిప్పండి. అప్పుడు కూడా ఈడుస్తుంటే రాక్ కేబుల్ (మోటర్ నుంచి వైపర్లని కదిపే పళ్ళ కేబుల్) ఉన్న బళ్ళలో గేర్‌బాక్స్ మూత తీసి కేబుల్ విడదీసి చేత్తో లాగి చూడండి, స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే రెండున్నర, మూడు కిలోల లోపే కదలాలి. ఎండకి గ్రీజు గట్టిపడి బంకలా తయారవుద్ది, కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టాలి. మోటర్ బిగుసుకుపోతే మాత్రం స్విచ్ వెంటనే ఆఫ్ చేయండి, ఆన్‌లో వదిలేస్తే వైండింగ్ నిజంగానే కాలిపోద్ది.

ఇవన్నీ అయ్యాకే మోటర్ విప్పేది. కమ్యుటేటర్ (తిరిగే భాగం చివర కార్బన్లు రాసుకునే రాగి చుట్టు) నల్లగా ఉంటే పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవండి, కార్బన్లు (దానికి కరెంటు అందించే బ్రష్‌లు) వాటి హోల్డర్లలో ఇరుక్కోకుండా ఫ్రీగా కదలాలి. తిరుగుతుంది గానీ ఆఫ్ చేస్తే గ్లాసు మధ్యలో ఆగుతుందంటే పార్క్ స్విచ్ (ఆఫ్ చేశాక వైపర్‌ని దాని చోటికి తెచ్చి ఆపేది) కాంటాక్టులు మురికయ్యుంటాయి. కొన్ని మోటర్లకి గేర్‌బాక్స్ మీదుండే గుండ్రటి మూతని కాస్త తిప్పితే ఆగే చోటు మారుద్ది.

కార్బన్ల కోసం హైదరాబాద్‌లో జాంబాగ్ వెళ్తే పాతవి చేతిలో పట్టుకుపోండి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఏదో ఒకటి అంటగడతారు. కొంచెం పెద్దవి దొరికినా పర్లేదు, ఎమెరీ పేపర్ మీద అరగదీసుకోవచ్చు, చిన్నవి మాత్రం వద్దు.