గ్రాఫ్ట్ బయాప్సీలో ట్యూబ్యూల్స్ దెబ్బతిన్నట్టు కనిపిస్తే: సమస్య - పరిష్కారం

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగింది, డాప్లర్‌లో రక్తప్రసరణ బాగానే ఉంది, మూత్రానికి ఎక్కడా అడ్డు లేదు, దాంతో మార్పిడి చేసిన కిడ్నీకి బయాప్సీ చేశారు. రిపోర్టులో కిమ్-1 అనే ప్రోటీన్ పాజిటివ్ అని చూడగానే రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీ మీద దాడి చేయడం) అనేసుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న ట్యూబ్యూల్‌లో (కిడ్నీలో మూత్రం పారే సన్నని గొట్టం) ఈ ప్రోటీన్ దాదాపు కనిపించదు, దెబ్బ తగిలితే మాత్రం ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (గొట్టం మొదటి భాగం) కణాలకి మూత్రం పారే వైపు అంచున గోధుమరంగు గీతలా తేలుతుంది. దెబ్బ తగిలిందని చెబుతుంది, ఎవరు కొట్టారో చెప్పదు. (చాలా ల్యాబుల్లో ఇది రొటీన్‌గా వేసే స్టెయిన్, అంటే రంగు పరీక్ష, కూడా కాదు.) కారణం వెతుక్కోవాల్సింది చుట్టుపక్కలే.

మార్పిడి తర్వాత మొదటి వారంలోనే డయాలసిస్ అవసరమైంది

పీఏఎస్ స్టెయిన్‌లో బ్రష్ బోర్డర్ (కణాల అంచున కుచ్చులాంటి భాగం) చెరిగిపోయి, కణాలు పల్చబడి, ట్యూబ్యూల్ లోపలి ఖాళీ వెడల్పయి, లింఫోసైట్లు (ఇమ్యూనిటీ తెల్లరక్తకణాలు) పెద్దగా లేకపోతే ఎక్కువసార్లు కారణం రక్తం అందకపోవడం, తర్వాత ఒక్కసారిగా అందడం. దీనికి మందు ఓపికే: ఫ్లూయిడ్స్, బీపీ సరిచూసుకుంటూ కిడ్నీకి హాని చేసే మందులు ఆపి ఆగాలి. కీ-67 పాజిటివ్ న్యూక్లియస్‌లు ట్యూబ్యూల్స్‌లో చాలా ఉంటే కణాలు విభజన చెందుతున్నాయి, మరమ్మతు సాగుతోందన్నమాట. కోలుకోకపోతే 7-10 రోజులకి మళ్లీ బయాప్సీ.

అయితే ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. యాంటీబాడీల వల్ల వచ్చే రిజెక్షన్ కూడా కొన్నిసార్లు అచ్చం ఇలాగే, ఉత్త ట్యూబ్యూల్ దెబ్బలాగే కనిపిస్తుంది, కాబట్టి సీ4డీ స్టెయిన్ (యాంటీబాడీ దాడి జాడ చూపేది), దాత మీద తయారైన యాంటీబాడీల పరీక్ష చూడకుండా ఓపిక పట్టొద్దు.

ట్యూబ్యూల్ గోడలోకి లింఫోసైట్లు దూరాయి

అసలు టెన్షన్ ఇక్కడే. బాన్ఫ్ లెక్కలో (మార్పిడి కిడ్నీ బయాప్సీకి స్కోరు వేసే అంతర్జాతీయ పద్ధతి) ఒక ట్యూబ్యూల్ అడ్డుకోతలో 1-4 లింఫోసైట్లుంటే టీ1, 5-10 అయితే టీ2, 10 దాటితే టీ3. స్కోరు ఎంతైనా, టీ-సెల్ (ఒక రకం లింఫోసైట్) రిజెక్షన్‌లోనూ బీకే వైరస్ (ఇమ్యూనిటీ తగ్గినప్పుడు కిడ్నీని దెబ్బతీసేది) ఇన్ఫెక్షన్‌లోనూ ఇదే దృశ్యం. వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు: రిజెక్షన్‌కి ఇమ్యూనిటీ తగ్గించే మందులు పెంచాలి, బీకేకి తగ్గించాలి. పొరబడితే కిడ్నీ పోతుంది. అందుకే బీకేని పట్టించే ఎస్‌వీ40 స్టెయిన్ వేయండి, న్యూక్లియస్ ముదురు గోధుమరంగులోకి వస్తే వైరస్సే. నెగెటివ్ వచ్చినంత మాత్రాన వదిలేయొద్దు, ఎందుకంటే వైరస్ అక్కడక్కడా, ముఖ్యంగా మెడుల్లాలో (కిడ్నీ లోపలి భాగం) ఉంటుంది, సూది కార్టెక్స్ (పై భాగం) మాత్రమే తెచ్చి ఉండొచ్చు. రక్తంలో బీకే వైరస్ జన్యుపదార్థం వెతికే పీసీఆర్ పరీక్ష తప్పనిసరి.

కణాల నిండా ఒకే సైజు బుడగలు

టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ (ఇమ్యూనిటీ తగ్గించే మందులు) ఎక్కువైందేమో చూడండి. అజోల్ రకం ఫంగస్ మందులు, క్లారిత్రోమైసిన్ (యాంటీబయోటిక్), డిల్టియాజెమ్ (బీపీ మందు) కొత్తగా మొదలుపెట్టారా అని అడగండి, ఇవి రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి. లెవెల్ ఎక్కువుంటే డోసు తగ్గించడమే. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), మానిటాల్ (మూత్రం పెంచే మందు) ఇచ్చాక కూడా ఇలాంటి బుడగలే వస్తాయి, చార్ట్ చూడకుండా తీర్పు ఇవ్వకండి.

స్లైడ్ ఘోరంగా ఉంది, కిమ్-1 మాత్రం లేదు

ముందు స్టెయిన్ కంట్రోల్ (రంగు సరిగా పడుతోందని చూపే పోలిక ముక్క) పని చేసిందా చూడండి. చేస్తే, ముక్క ఫార్మాలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) పడేసరికి ఆలస్యమైందేమో. కణాలు తమ కింది పొర నుంచి ఊడిపోయి నెక్రోసిస్‌లా (కణాల చావు) కనిపిస్తాయి, కానీ కొత్త ప్రోటీన్ తయారుచేసేది బతికున్న కణమే. పరిష్కారం బయాప్సీ గదిలోనే: తీసిన వెంటనే ఫిక్స్ చేయాలి.

విమెంటిన్ (దెబ్బతిన్న ట్యూబ్యూల్ కణాల్లో కనిపించే ప్రోటీన్) పాజిటివ్, ట్యూబ్యూల్స్ కుంచించుకుపోయాయి

చుట్టూ ఫైబ్రోసిస్ (మచ్చ కణజాలం) ఉండి ట్యూబ్యూల్ పొర మందంగా ఉంటే అది పాత మచ్చ. అలాంటి ట్యూబ్యూల్స్‌లోని లింఫోసైట్లని చూసి స్టెరాయిడ్ పల్స్ (కొద్దిరోజులు పెద్ద డోసు) ఇస్తే మచ్చ పోదు, ఇన్ఫెక్షన్ రిస్క్ మాత్రం పెరుగుతుంది. మచ్చ పడని చోట ట్యూబ్యూల్స్ ఎలా ఉన్నాయో పాథాలజిస్టుని అడిగి, ఆ జవాబును బట్టి నిర్ణయించుకోండి.