క్యాంప్ బ్యాడ్జ్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

జర్మనీలో జరిగే కేయాస్ కమ్యూనికేషన్ క్యాంప్, ఇంగ్లండ్‌లో జరిగే ఈఎంఎఫ్ క్యాంప్ లాంటి హ్యాకర్ల శిబిరాల్లో మెడలో వేసుకునే బ్యాడ్జ్ ఒక చిన్న కంప్యూటర్. వచ్చినవాళ్లు దాని కోడ్ మారుస్తారు, టంకం వేస్తారు, కొత్త బోర్డులు తగిలిస్తారు. ఏదో ఒకటి చెడిపోవడం ఖాయం కాబట్టి బాగుచేసుకునే దారి కూడా డిజైన్‌లోనే ఉండాలి. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్‌తో చేసిన బ్యాడ్జ్‌లలో ఎక్కువగా కనిపించే సమస్యలు ఇవి.

టైప్-సి కేబుల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు

ఒక వైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో చార్జ్ అవుతుంది, రెండు వైపులా టైప్-సి ఉన్నదానితో అవ్వదు. అంటే కరెంట్ కావాలని చార్జర్‌కు తెలిపే సీసీ1, సీసీ2 పిన్నుల దగ్గర రెసిస్టర్లు లేనట్టే. రెండింటి నుంచీ గ్రౌండ్‌కు విడివిడిగా 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టాలి. రెండు పిన్నులూ కలిపి ఒక్కటే పెడితే సరిపోదు. 2019 నాటి రాస్ప్‌బెర్రీ పై 4 తొలి బోర్డులు అలా ఒక్కటే పెట్టడం వల్లే కొన్ని కేబుళ్లతో పవర్ తీసుకోలేకపోయాయి. బోర్డులు ఇప్పటికే తయారైపోతే, క్యాంప్‌లో పాత రకం కేబుళ్లు అందుబాటులో ఉంచండి.

వైఫై ఆన్ చేయగానే రీస్టార్ట్

సీరియల్ మానిటర్‌లో (బ్యాడ్జ్ పంపే సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే చోట) బ్రౌనౌట్, అంటే వోల్టేజ్ పడిపోయింది, అని వస్తుంటే కోడ్‌ను అనుమానించకండి, అది పవర్ సమస్య. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో కరెంట్ ఒక్కసారిగా పెరుగుతుంది. 500 మిల్లీఆంప్స్ ఇవ్వగల సప్లై ఉండాలని చిప్ డేటాషీటే చెబుతుంది. బటన్ సెల్ వల్ల అది కాదు. లిథియం బ్యాటరీ ఉన్నా వోల్టేజ్‌ను 3.3 దగ్గర నిలిపే రెగ్యులేటర్‌గా ఏఎంఎస్1117 వాడితే ఇదే తంటా: అది దాదాపు 1.1 వోల్టులు మింగేస్తుంది, 3.7లో అది పోతే 3.3 ఎక్కడి నుంచి వస్తుంది? తక్కువ డ్రాపౌట్ ఉన్నది (తక్కువ వోల్టేజ్ మింగేది) వేసి, చిప్ పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. బ్రౌనౌట్ డిటెక్టర్‌నే ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి, వోల్టేజ్ పడిపోయిన సమయంలో ఫ్లాష్ మెమరీలో రాస్తే డేటా పాడవుతుంది.

ఆఫ్ చేసి పడుకున్నా తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ

లోపల చిప్ ఉండే డబ్ల్యూఎస్2812 ఎల్ఈడీలు వెలగకపోయినా ఒక్కోటి దాదాపు ఒక మిల్లీఆంప్ లాగుతుంది. 16 ఉంటే రోజుకు 384 మిల్లీఆంప్-అవర్స్ పోయినట్టే. వాటి సప్లైని మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కట్ చేయండి. డేటా పిన్‌ను కూడా లో (సున్నా వోల్టులు) చేయాలి, లేకపోతే ఆ లైన్ ద్వారానే కరెంట్ లోపలికి దూరుతుంది.

యాడ్-ఆన్ బోర్డు పెట్టగానే స్క్రీన్ పోయింది

పరికరాలన్నీ పంచుకునే ఐ2సి డేటా లైన్‌లో రెండు పరికరాలకు ఒకే అడ్రస్ ఉండవచ్చు. లేదా ప్రతి యాడ్-ఆన్ మీదా లైన్‌ను హైలో ఉంచే పుల్-అప్ రెసిస్టర్లు ఉండి ఉంటాయి. 4.7 కిలో ఓమ్‌వి ఐదు చేరితే మిగిలేది 940 ఓమ్‌లే, అప్పుడు పరికరాలు లైన్‌ను లోకి లాగడం కష్టం. పుల్-అప్‌లు బ్యాడ్జ్ మీద మాత్రమే ఉంచండి. 2024 ఈఎంఎఫ్ బ్యాడ్జ్ టిల్డగాన్‌లో ఆరు స్లాట్లకూ విడివిడిగా ఐ2సి బస్ ఇచ్చారు, అడ్రస్ గొడవే లేకుండా పోయింది. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది.

యాడ్-ఆన్ ఉన్నప్పుడు అసలు బూటే కాకపోతే జీపీఐఓ 12 పిన్ చూడండి. మొదటి తరం ఈఎస్‌పీ32లో బూట్ సమయానికి అది హైలో ఉంటే ఫ్లాష్‌కు 1.8 వోల్టులే వెళ్తాయి. ఆ పిన్‌ను యాడ్-ఆన్లకు ఇవ్వకండి.

కొత్త యాప్ వేశాక బ్యాడ్జ్ కదలడం లేదు

హ్యాకింగ్ కోసమే చేసిన బ్యాడ్జ్‌కు ఇది అన్నిటికన్నా ముఖ్యం. మైక్రోపైథాన్‌లో (చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్) రాసిన యాప్ ఆగని లూప్‌లో పడితే ముందు సీరియల్‌లో కంట్రోల్-సి నొక్కి చూడండి. ఈఎస్‌పీ32-ఎస్3 చిప్ అయితే కంప్యూటర్‌లో పోర్టే మాయం కావచ్చు, ఎందుకంటే యాప్ యూఎస్‌బీ పిన్నులైన 19, 20లను వేరే పనికి వాడేసి ఉంటుంది. అప్పుడు జీపీఐఓ 0 బటన్ పట్టుకుని రీసెట్ నొక్కితే కొత్త కోడ్ ఎక్కించుకునే డౌన్‌లోడ్ మోడ్ వస్తుంది. ఆ మోడ్‌ను నడిపే కోడ్ చిప్ రామ్‌లో కాదు, రోమ్‌లో ఉంటుంది, ఏ యాప్ కూడా దాన్ని చెరపలేదు.

కాబట్టి ఆ రెండు బటన్లూ వేలికి అందేలా ఉండాలి, బ్యాటరీ కింద దాచకూడదు. ఫర్మ్‌వేర్‌లో ఇంకో జాగ్రత్త తీసుకోండి: యాప్ మొదలయ్యే ముందు ఫ్లాష్‌లో ఒక గుర్తు రాయించండి, కాసేపు సజావుగా నడిస్తే చెరిపించండి. బూట్‌లో ఆ గుర్తు ఇంకా కనిపిస్తే యాప్ జోలికి పోకుండా నేరుగా మెనూకు వెళ్లాలి. సెక్యూర్ బూట్ మాత్రం ఆన్ చేయకండి. దాని ఈ-ఫ్యూజ్ (చిప్‌లో ఒక్కసారే రాయగల బిట్) ఒకసారి కాలిందంటే వెనక్కి తిప్పలేం, ఆ బ్యాడ్జ్‌లో ఇక మీ సంతకం ఉన్న కోడ్ తప్ప వేరేది నడవదు.