జీతం 20వ తేదీకే అయిపోతోందా? ముందు కార్డు ఆటోపే చూడండి

లక్షణం: ఒకటో తేదీన జీతం పడుతుంది. ఖర్చులు పోయిన ఏడాదిలాగే ఉన్నాయి, బెసెంట్ రోడ్డు షాపింగ్ కూడా మానేశారు, అయినా 20వ తేదీకి అకౌంట్ ఖాళీ. క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా కడుతూనే ఉన్నారు, అది మాత్రం తగ్గదు.

ఈ మాట చెప్పిన ప్రతివాళ్ళూ వెంటనే అడిగేది ఏ బడ్జెట్ యాప్ మంచిదని. యాప్ సంగతి తర్వాత, బాబూ, ముందు మెయిల్‌కి వచ్చిన కార్డు బిల్లు పీడీఎఫ్ తెరవండి. ఫోన్‌కి వచ్చే మెసేజ్ చాలదు. పాస్‌వర్డ్ గుర్తులేదంటారా, అదెలా ఉంటుందో ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది.

చిన్న కారణం: యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్టు, అంటే మనం నొక్కకుండానే డబ్బు దానంతటదే పోయేవాటి లిస్టు. ఎప్పుడో ట్రయల్ కోసం ఒప్పుకున్న ఓటీటీలు, జిమ్ యాప్‌లు అక్కడ ఉంటాయి. వాడనివి క్యాన్సిల్ చేయండి, రెండు నిమిషాల పని.

అసలు కారణం: కార్డు బిల్లుకి ఆటోపే పెట్టేటప్పుడు రెండు ఆప్షన్లు ఉంటాయి: టోటల్ డ్యూ అంటే మొత్తం బిల్లు, మినిమం డ్యూ అంటే ఈ నెలకి కనీసం కట్టాల్సింది. చాలామంది రెండోది నొక్కేసి మర్చిపోతారు. ఇది దొరకకపోవడానికి కారణం, పైకి అన్నీ బాగానే కనిపిస్తాయి. లేట్ ఫీజు పడదు, బ్యాంకు నుంచి ఫోన్ రాదు, పేమెంట్ అందిందని థాంక్స్ మెసేజ్ కూడా వస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర షోరూమ్‌లో పనిచేసే ఒక కుర్రాడు "నేనెప్పుడూ లేట్ చేయలేదండీ" అని నాతో వాదించాడు. నిజమే, చేయలేదు. కట్టిందంతా మినిమమే.

లెక్క చూడండి. బిల్లు 40,000, మినిమం 5 శాతం అనుకుంటే 2,000. అది కట్టారు, మిగిలింది 38,000. చాలా కార్డుల వడ్డీ నెలకి మూడున్నర శాతం దగ్గర ఉంటుంది కాబట్టి నెలకి 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 240. అంటే కట్టిన 2,000లో దాదాపు 1,570 మళ్ళీ బిల్లులోకే వచ్చి కూర్చుంది. మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్ళో ఎవరైనా రెండు రూపాయల వడ్డీ అంటేనే దణ్ణం పెట్టి వచ్చేస్తాం.

ఇంకో దెబ్బ ఉంది, దీన్ని ఎవరూ చూడరు. పాత బాకీ ఒక్క రూపాయి మిగిలినా, కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు పోతుంది. ఈరోజు పెట్రోలు కొట్టించుకుంటే ఈరోజు నుంచే వడ్డీ మొదలు. అందుకే ఖర్చు తగ్గించినా బిల్లు తగ్గదు. బిల్లులో ఫైనాన్స్ ఛార్జెస్ అనో ఇంట్రెస్ట్ అనో ఒక లైను, దాని పక్కనే జీఎస్టీ కనిపిస్తే జబ్బు ఇదే.

పరిష్కారం: కార్డు వాడకం ఇవాళే ఆపండి, దానికి లింక్ చేసిన సబ్‌స్క్రిప్షన్లతో సహా. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే తీసి కట్టేయండి. 7 శాతం వస్తోందని దాన్ని దాచుకుని ఇటు ఏడాదికి 42 శాతం కట్టడం ఏం లెక్కో నాకర్థం కాదు. అది లేకపోతే ఇంట్లో చెప్పి బ్యాంకులో బంగారం మీద లోన్ తీసుకోండి, వడ్డీ ఇందులో మూడో వంతు కూడా ఉండదు. అమ్మతో చెప్పడానికి మొహమాటమైతే బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకునే అడగండి, ప్రాసెసింగ్ ఫీజు, ముందే కట్టేస్తే ఛార్జీ ఎంతో కనుక్కుని మరీ. ఇంకో కార్డు తీసుకుని ఈ కార్డు కట్టే తెలివితేటలు మాత్రం వద్దు.

ఆ తర్వాతే ఆటోపేని టోటల్ డ్యూకి మార్చండి. అకౌంట్లో డబ్బు లేకుండా మారిస్తే అది బౌన్స్ అయి, దానికో ఛార్జీ.

మొత్తం కట్టేశాక కూడా తర్వాతి బిల్లులో కొంచెం వడ్డీ కనిపించవచ్చు. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా పడినది అది. టెన్షన్ వద్దు, గొడవా వద్దు, అది కూడా పూర్తిగా కట్టేయండి.

అరుదైనవి: బ్యాంకు లెక్క తప్పడం దాదాపు ఉండదు. మీరు చేయని లావాదేవీ కనిపిస్తే కార్డు బ్లాక్ చేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, అది వేరే కథ. బిల్లులో వడ్డీ లైనే లేకపోతే మీ డబ్బు నిజంగానే ఖర్చవుతోంది, ఇప్పుడు పెట్టుకోండి ఆ బడ్జెట్ యాప్.