వాగు దాటిన పాత జీపుకు మర్నాటి పరీక్ష
పాత జిప్సీ గానీ మహీంద్రా జీపు గానీ ఇరుసు మునిగేంత వాగు దాటి వస్తే, మర్నాడు ఉదయమే డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్‌ను తప్పక చూడాలి. వేడెక్కిన ఇరుసు చన్నీటిలో ఒక్కసారిగా చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసులోకి గాలి వచ్చిపోయే చిన్న దారి అయిన బ్రీదర్ మట్టితో పూడుకుపోయి ఉంటే, గాలికి బదులు అరిగిన ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీరు లోపలికి చేరుతుంది. ముందుగా ఆయిల్ పోసే బోల్టు ఊడివస్తుందని నిర్ధారించుకొని, ఆ తరువాతే ఆయిల్ బయటికి తీసే అడుగు బోల్టును కొద్దిగా వదులు చేయాలి. రాత్రంతా కదలని బండిలో నీరు అడుగున పేరుకుంటుంది కనుక ముందు అదే కారుతుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే, నిన్ననే పోసినదైనా సరే, మొత్తం తీసి కొత్తది పోయాలి. నేను నా జిప్సీ బ్రీదర్లకు పొడవైన రబ్బరు గొట్టాలు తగిలించి, వాటి కొసలను బానెట్ కింద ఎత్తుగా కట్టుకున్నాను.