సైట్‌మ్యాప్ ఎలా పెట్టాలి? మీ పేజీలన్నీ గూగుల్‌కి తెలియాలంటే

మా నాన్నగారు రాసిన కథలు 140 దాకా ఉంటే, అన్నీ టైపు చేసి వర్డ్‌ప్రెస్‌లో ఒక సైట్ పెట్టాను. రెండు నెలలు గడిచినా గూగుల్‌లో హోమ్ పేజీ, ఈమధ్య పెట్టిన నాలుగైదు కథలు తప్ప మిగతావేవీ వచ్చేవి కావు. కారణం చాలా మామూలుది. గూగుల్ బాట్ (పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రామ్) ఒక లింకు పట్టుకుని ఇంకో లింకుకి వెళ్తుంది, మా హోమ్ పేజీలోనేమో చివరి పది కథలకే లింకులున్నాయి, మిగతా వాటికోసం "పాత కథలు" బటన్ పదమూడు సార్లు నొక్కుకుంటూ వెనక్కి పోవాలి. అంత లోపలికి అది రాలేదు. అప్పుడు సైట్‌మ్యాప్ గురించి నేర్చుకున్నాను.

సైట్‌మ్యాప్ అంటే మీ సైట్‌లో వెతికేవాళ్లకు కనబడాలని మీరు కోరుకునే పేజీల అడ్రసులన్నీ రాసిన ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు (ట్యాగులతో రాసే టెక్స్ట్ ఫైలు), అంతే. 2005లో గూగుల్ మొదలుపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి, కాబట్టి ఒకే ఫైలు బింగ్‌కి కూడా పనికొస్తుంది. ఒక్క మాట ముందే చెప్పాలి: ఇది పెట్టినంత మాత్రాన ప్రతి పేజీ ఇండెక్స్ అయిపోతుందని, అంటే గూగుల్ జాబితాలోకి ఎక్కుతుందని గ్యారంటీ లేదు, "ఈ పేజీ ఉంది" అని తెలుస్తుంది. పేజీలు 500 లోపు ఉండి, అన్నీ ఒకదానికొకటి లింకులతో కలిసి ఉంటే అసలు అవసరం పడకపోవచ్చని గూగులే చెబుతోంది. మాలాగా లోపల కూరుకుపోయిన పేజీలున్నవాళ్లకు మాత్రం తప్పకుండా కావాలి.

మొదటి పని, మీకు ఇప్పటికే సైట్‌మ్యాప్ ఉందేమో చూసుకోండి. 2020లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 నుంచీ అది దానంతటదే తయారవుతోంది. మీ సైట్ అడ్రస్ చివర స్లాష్ పెట్టి డబ్ల్యూపీ హైఫన్ సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అని కొడితే వస్తుంది. బ్లాగర్ వాళ్లకు సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే చాలు. యోస్ట్, ర్యాంక్ మ్యాత్ లాంటి ఎస్‌ఈఓ ప్లగిన్ (సైట్ గూగుల్‌లో బాగా కనబడడానికి వర్డ్‌ప్రెస్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) వేసుకుంటే అది తన సైట్‌మ్యాప్ తను ఇస్తుంది, అప్పుడు దాన్నే వాడండి. రెండు ఎస్‌ఈఓ ప్లగిన్‌లు ఒకేసారి మాత్రం పెట్టకండి.

కొట్టగానే 404, అంటే పేజీ లేదని వచ్చిందా? సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీకి వెళ్లి, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్ ఉందేమో చూడండి. నా స్నేహితుడి పచ్చళ్ల సైట్‌లో తయారుచేసినవాళ్లు ఆ టిక్ తీయడం మర్చిపోయారు, ఆవకాయ సీజన్ మొత్తం అతని సైట్ గూగుల్‌లో లేదు. అది ఉన్నంతకాలం వర్డ్‌ప్రెస్ సైట్‌మ్యాప్ కూడా ఇవ్వదు.

ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా చేతితో కట్టిన సైట్ అయితే నోట్‌ప్యాడ్‌లో మీరే రాసుకోవచ్చు, భయపడాల్సిందేమీ లేదు. మొదటి లైనులో ఎక్స్‌ఎమ్‌ఎల్ వెర్షన్ 1.0, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనే ప్రకటన ఉండాలి. దానికి ముందు ఒక్క ఖాళీ లైనుగానీ, స్పేస్‌గానీ ఉండకూడదు, చాలామందికి ఎర్రర్ వచ్చేది అక్కడే. తర్వాత యూఆర్‌ఎల్‌సెట్ అనే ట్యాగ్ తెరవాలి, అందులో సైట్‌మ్యాప్ ప్రోటోకాల్ 0.9 అడ్రస్ ఇవ్వాలి. లోపల ఒక్కో పేజీకి ఒక్కో యూఆర్‌ఎల్ ట్యాగ్, దాని లోపల లొక్ ట్యాగ్‌లో పేజీ పూర్తి అడ్రస్, లాస్ట్‌మాడ్ ట్యాగ్‌లో చివరిసారి మార్చిన తేదీ. తేదీ మనం రాసుకున్నట్టు 14-01-2025 అని కాదు, 2025-01-14 అని రాయాలి. అడ్రస్‌లో & గుర్తుంటే దాన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో & అని మార్చి రాయాలి, లేకపోతే ఫైలు మొత్తం చెడిపోతుంది. ఒక ఫైలులో 50,000 అడ్రసులు, 50 ఎంబీ మించకూడదు. అంతకన్నా ఎక్కువుంటే ఫైళ్లు విడగొట్టి, వాటన్నిటికీ కలిపి ఒక ఇండెక్స్ ఫైలు పెట్టుకోవచ్చు.

ప్రయారిటీ, చేంజ్‌ఫ్రీక్ అని ఇంకో రెండు ట్యాగులు కనబడతాయి. గూగుల్ వాటిని పట్టించుకోదు, మీరూ వాటికోసం టైం పెట్టకండి. లాస్ట్‌మాడ్ మాత్రం నిజం చెప్పినంతకాలం చూస్తుంది. నేను మొదట్లో రోజూ అన్ని పేజీలకూ ఆ రోజు తేదీ పడేలా చిన్న స్క్రిప్ట్ రాశాను, అలా చేస్తే బాట్ త్వరగా వస్తుందనుకుని. అది పూర్తిగా తప్పు. తేదీ మారి పేజీ మారకపోతే ఆ తేదీలను నమ్మడం మానేస్తుంది, నిజంగా మార్చిన రోజున కూడా ఉపయోగం ఉండదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది జాబితాలో ఏం ఉండాలన్న దగ్గర. నోఇండెక్స్ (ఇండెక్స్ చేయొద్దనే సూచన) పెట్టిన పేజీలు, ఇంకో చోటికి రీడైరెక్ట్ అయ్యేవి, తీసేసిన పేజీలు, ఒకే కథ ఉన్న ట్యాగ్ పేజీలు, ఇవేవీ వద్దు. అడ్రసులు కూడా సైట్ నిజంగా తెరుచుకునే రూపంలోనే ఉండాలి. సైట్ హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకుంటుంటే జాబితాలో పాత హెచ్‌టీటీపీ అడ్రసులు ఉండకూడదు, ముందున్న మూడు డబ్ల్యూల విషయంలోనూ అంతే.

తెలుగులో రాసేవాళ్లు ఇది కూడా గమనించండి. ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, అడ్రస్‌లో పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది, అందులోనూ గుడి, కొమ్ము, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి (అడ్రస్ చివర పేజీ పేరు ఉండే భాగానికి) 200 అక్షరాలే చోటిస్తుంది కాబట్టి తెలుగు పేరు 22 గుర్తుల దగ్గర, మాట మధ్యలోనైనా సరే, తెగిపోతుంది. ధారావాహిక అయితే ప్రతి భాగం అడ్రసూ అక్కడిదాకా ఒకేలా ఉండి చివర 2, 3 అని అంకెలు పడతాయి. అందుకే కొత్త కథలకు నేను పొట్టి స్లగ్ నేనే రాస్తున్నాను. పాతవాటి జోలికి మాత్రం వెళ్లలేదు, మారిస్తే ప్రతిదానికీ 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్ నుంచి కొత్తదానికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) పెట్టాలి. చేతితో సైట్‌మ్యాప్ రాస్తుంటే బ్రౌజర్ అడ్రస్ బార్‌లోంచి కాపీ చేయండి, సాధారణంగా పర్సెంట్ గుర్తులతోనే వస్తుంది, అదే కావలసింది.

ఫైలు తయారయ్యాక సైట్ రూట్ ఫోల్డర్‌లో, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో పెట్టండి. బాట్‌లకు సూచనలు రాసే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలులో సైట్‌మ్యాప్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, పూర్తి అడ్రస్ ఇవ్వండి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్) సైట్‌మ్యాప్స్ విభాగంలో అడ్రస్ ఇచ్చి సబ్మిట్ నొక్కండి. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ సెర్చ్ కన్సోల్ నుంచే వివరాలు తెచ్చుకోగలదు. పాత వ్యాసాల్లో "గూగుల్‌కి పింగ్ చేయండి" (సైట్‌మ్యాప్ మారిందని కబురు పంపండి) అని ఉంటుంది, ఆ సదుపాయం 2023లో తీసేశారు, దానికోసం వెతకకండి. ఫైలు తీసుకోలేకపోయామని మొదటి రోజు చూపిస్తే టెన్షన్ పడకండి, ఫైలు మీ బ్రౌజర్‌లో సరిగ్గా తెరుచుకుంటుంటే కొన్ని రోజులు ఆగి చూడండి.

రెండు మూడు వారాల తర్వాత సెర్చ్ కన్సోల్‌లో పేజెస్ రిపోర్ట్ తెరిచి, పైన మీ సైట్‌మ్యాప్‌ని ఎంచుకోండి. "కనుగొన్నాం, ఇంకా ఇండెక్స్ చేయలేదు" అన్న వరుసలో ఉన్నవాటికి సైట్ లోపలి లింకులు తక్కువున్నాయేమో చూడండి. నేను 140 కథలకూ లింకులతో ఒక విషయసూచిక పేజీ పెట్టి, దానికి హోమ్ పేజీ నుంచి లింకు ఇచ్చాను. బాట్ వచ్చి చదివినా ఇండెక్స్ చేయలేదంటే సైట్‌మ్యాప్‌తో అయ్యే పని కాదది, ఆ పేజీలోనే ఏదో తక్కువైంది. మావాటిలో అలాంటివి తొమ్మిది మిగిలాయి, అన్నీ నాలుగైదు లైన్ల గల్పికలు. వాటన్నిటినీ ఒకే పేజీలోకి చేరుస్తున్నాను.