ముఖం ముందు, రాయి తర్వాత: కాలేజీ షార్ట్ ఫిల్మ్‌కు ఎడిటింగ్, కలర్ గ్రేడింగ్

కోతలూ, కలర్ గ్రేడింగూ (వెలుగు, రంగు సరిదిద్దడం) రెండూ చేసే డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ కాలేజీ సినిమాకు సరిపోతుంది. క్లిప్పులు లోపలికి లాగకముందే టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో, పెట్టండి, తర్వాత మార్చనివ్వదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షటర్‌తో తీస్తే ట్యూబ్‌లైట్ మినుకు రాదు. ఫోన్ క్లిప్పుల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు. నేరుగా వేస్తే పోనుపోను పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు మార్చుకోండి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే సగం సైజు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలిక నకళ్లు) చేసుకోండి.

కోతలో తొందర వద్దు. 'గట్లెట్లయితదిరా' అన్న మాట పడ్డాక ఎదుటివాడి ముఖం మీద ఇంకో 12 ఫ్రేములు ఉండనివ్వండి, ఆ అరసెకనులోనే నటన ఉంటుంది. ఎడిట్ లాక్ అయ్యేదాకా (కోతలు ఖరారయ్యేదాకా) రంగు జోలికి పోవద్దు.

గ్రేడింగ్‌కు వరుసగా నాలుగు నోడ్లు (ఒక్కో మార్పుకు ఒక్కో గడి) చాలు: వెలుగు, వైట్ బ్యాలెన్స్, ముఖం, లుక్ (సినిమా మొత్తానికి ఇచ్చే రంగుల తీరు). ఖిలా వరంగల్ తోరణాల దగ్గర పొద్దున ఒక షాట్, మిట్టమధ్యాహ్నం ఇంకో షాట్ తీసి ఒకే సీన్‌లో కలిపితే రెండూ అతకవు. ముఖం బాగా వచ్చిన షాట్‌ను ముందు సరిచేసి, దాని స్టిల్ (పోల్చడానికి దాచే ఒక ఫ్రేమ్) పట్టుకోండి. మిగతావాటిని పరేడ్ స్కోప్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోతాదులు విడివిడిగా చూపే గ్రాఫ్) దానితో పోల్చి సరిచేయండి. ఆటో వైట్ బ్యాలెన్స్ వల్ల షాట్ మధ్యలో రంగు మారితే, మారే చోట క్లిప్పు కోసి, రెండు ముక్కలూ విడిగా సరిచేసి, మధ్యలో చిన్న డిజాల్వ్ (ఒకటి కరిగి ఇంకోటి వచ్చేలా) వేయండి.

ముఖం వెలుగును 70 శాతానికి లేపమనే కొలత తెల్లతోలుకు పెట్టింది. చామనఛాయ ముఖానికి అదే పెడితే సున్నం కొట్టినట్టుంటుంది. స్కోప్‌లోని 1023 స్కేల్ (0 నలుపు, 1023 తెలుపు) మీద 400–550 మధ్య ఉంచండి. నలుపైనా తెలుపైనా చర్మం వెక్టర్‌స్కోప్‌లో (రంగు ఏ వైపు ఉందో చూపే గుండ్రటి గ్రాఫ్) స్కిన్ టోన్ గీత దగ్గరే పడాలి.

అసలు చిక్కు రామప్పలో. 1213 నాటి ఆ గుడి ఎర్ర ఇసుకరాయి మన చర్మం రంగు వైపే పడుతుంది. క్వాలిఫైయర్‌తో (రంగును బట్టి భాగాన్ని ఎంచుకునే పనిముట్టు) ముఖాన్ని పట్టబోతే వెనక గోడ కూడా వచ్చేస్తుంది. అందుకే ముందు ముఖం చుట్టూ పవర్ విండో (ఆ భాగం మీదే మార్పు పడేలా చేసే గీత) గీసి, అంచులు మెత్తబరిచి, ముఖం కదలికతో పాటు కదిలేలా ట్రాక్ చేసి, ఆ విండో లోపలే క్వాలిఫైయర్ వాడండి. తర్వాత విండోను తిరగేసిన (ముఖం కాక మిగతాదంతా పట్టే) ఇంకో నోడ్‌లో రాయి సాచురేషన్‌ను (రంగు గాఢతను) 50 నుంచి 43కు దించితే మనిషి ముందుకొస్తాడు. వేయి స్తంభాల గుడిలో ఇంకో తిరకాసు: నునుపు తేలిన నల్ల స్తంభాల మీద లిఫ్ట్ (నీడల వెలుగు) కిందికి లాగితే చెక్కడమంతా మాయమవుతుంది. నీడలను అదే 1023 స్కేల్ మీద 30–40 దగ్గరే ఆపండి.

లట్ (ముందే తయారైన రంగుల ఫైలు) వేస్తే చివరి నోడ్‌లోనే, కీ అవుట్‌పుట్ (ఆ నోడ్ ప్రభావం ఎంతో చెప్పే అంకె) 0.4 దాటకుండా. రెడీమేడ్ టీల్-ఆరెంజ్ (నీలి-ఆకుపచ్చ, నారింజ రంగుల) లుక్ నిండుగా వేస్తే ముఖమూ రాయీ మళ్లీ ఒకటైపోతాయి.

ఎక్స్‌పోర్ట్‌కు హెచ్.264, 1080పీ, 20 ఎంబీపీఎస్. డైలాగ్ పీక్‌లు −12 డీబీ చుట్టూ ఉంచండి. సెమినార్ హాల్ ప్రొజెక్టర్‌లో రాత్రి సీన్లు తరచూ కనబడవు. ఒక నిమిషం ముక్కను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి లైట్లు ఆర్పి వేసి చూడండి. కళ్లు కనబడకపోతే టైమ్‌లైన్‌కు కాపీ తీసి, అందులో మాత్రం గామా (మధ్యస్థ వెలుగు) కాస్త పెంచి, ప్రదర్శనకు ఆ ఫైలే ఇవ్వండి.